జప్తయిన మామిడి, మిగిలిన బాకీ

పాఠకులలో పండ్ల వర్తకులు ఈ దృశ్యాన్ని ఎరుగుదురు. వేసవిలో ఆహార భద్రతా అధికారులు మార్కెట్‌కు వస్తారు. గంపల అడుగున కార్బైడు పొట్లాలు దొరుకుతాయి. లారీడు మామిడి చెత్తకుప్పకు చేరుతుంది. మర్నాడు పత్రికలో వార్త వస్తుంది గాని, ఆ సరుకు మీద తెచ్చిన అప్పు సంగతి ఎవరూ వ్రాయరు. సరుకు జప్తయినంత మాత్రాన బాకీ జప్తు కాదు.

కార్బైడును సమర్థించడం నా ఉద్దేశం కాదు. తేమ తగలగానే అది ఎసిటిలీన్ వాయువును వెలువరిస్తుంది. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధిత విషాల జాడలూ అందులో ఉంటాయి. తోలు పసుపెక్కినా టెంక చుట్టూ పులుపు పోదు. పాత కల్తీ నిరోధక చట్టం నాడే నిషేధించిన ఈ పద్ధతిని 2011 నిబంధనలు కూడా నిషేధించాయి.

2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 18వ సెక్షన్ ప్రకారం పొలం వద్ద రైతు చేతిలో ఉన్న పంటకు ఆ చట్టం వర్తించదు. కాయ వర్తకుని చేతికి మారిన తరువాతనే వర్తిస్తుంది. ఇది చూసి రైతు సోదరులు ఊరట చెందితే పొరపాటే. లారీడు సరుకు పోగొట్టుకున్న వర్తకుడు మరుసటి వారం మీ తోటకు ఏ ధర కడతాడో మీకు తెలియనిది కాదు.

పాడైపోయే సరుకు తినడానికి పనికిరాకుండా చెడినదని అధికారి నిర్ధారించుకుంటే, వ్రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ధ్వంసం చేయించే అధికారం 38వ సెక్షన్ ఇస్తున్నది. ఆ నోటీసు అడిగి తీసుకొనండి. సహేతుక కారణం లేక వేధింపుగా జప్తు చేసిన అధికారికి లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నదని 39వ సెక్షన్ చెబుతున్నది. కాగితం మీద న్యాయంగానే ఉంది. కాని నమూనా నివేదికకు విశ్లేషకునికి ఇచ్చిన గడువు 14 రోజులు. మాగిన బంగినపల్లి 14 రోజులు ఆగుతుందా? నిర్దోషి అని తేలేసరికి గంపలో నీరే మిగులుతుంది. పండ్ల విషయంలో జప్తే శిక్ష. కనుక పండ్లకు ఈ గడువు తగ్గించాలి, పరీక్ష మార్కెట్ యార్డులోనే జరగాలి.

ఇక మన తప్పు. తొలి ధర కోసం లేత కాయ కోయించేది ఎవరు? బయానా ఇచ్చిన వర్తకుడు తొందరపెడతాడు, వాయిదా తరుముతున్న రైతు ఒప్పుకుంటాడు. (కోతకు ముందే వాయిదా తేదీ పెట్టే బ్యాంకుకూ ఇందులో వాటా ఉంది.) లేత కాయను ఇథిలీన్ సైతం సరిగా పండించలేదు. ముదిరిన కాయకైతే, 2016లో అనుమతించిన 100 పీపీఎం లోపు ఇథిలీన్ చాలు, మాగబెట్టే గది ఉంటే. పెద్ద వర్తకునికి ఆ గది ఉంటుంది. రోజుకు పది గంపలు అమ్మేవానికి ఎక్కడిది?

2020లో వెలువడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి పథకంలో ఈ గదులనూ చేర్చి, 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 7 ఏళ్లు 3 శాతం వడ్డీ రాయితీ ప్రకటించారు. చిన్న వర్తకులు ఐదారుగురు కలిసి యార్డులో ఒక గది కట్టుకొనే ఆలోచన చేయండి. గది ఖర్చును కార్బైడు పొట్లం ధరతో కాక, ఒక లారీ మామిడి ధరతో పోల్చుకొనండి. ఏ పథకం కింద ఎంత వస్తుందో మీ శాఖలో దసరా నాటికే విచారించండి. పూత చూశాక దరఖాస్తు పెడితే ఆ ఏటి కాయకు గది అందదు.