బొమ్మలోని రైతు

గడచిన వర్షకాలమున మేము ఆఱవ తరగతి విద్యార్థులకు ఒక చిన్న పని చెప్పితిమి. "రైతు బొమ్మను గీయుడు" అని మాత్రమే పలికి ఊరకుంటిమి. అరగంట గడచిన పిమ్మట కాగితములను కూర్చి చూడగా, ఒక్కటి తప్ప తక్కినవాని యన్నిటియందును తలపాగా చుట్టి, భుజమున నాగలి మోయు పురుషుడే కానవచ్చెను. ఆ యొక్కటి ఒక బాలిక గీసినది. అందు ఒక స్త్రీ మోకాలిబంటి బురదలో వంగి నారు నాటుచుండెను. తోడి బాలురు నవ్విరి. "ఇది రైతు కాదండీ, కూలిమనిషి" అని యొకడనెను. ఆ బాలిక తలవంచుకొని, "మా అమ్మండీ. కౌలు పొలము మాదేనండీ" అని చెప్పి, బొమ్మను చెరిపివేయుటకు రబ్బరు చేతబట్టెను. మేము వారించితిమి.

నవ్విన బాలురను మేము నిందింపము. నాట్లు వేయుటయు, కలుపు తీయుటయు మన పల్లెలలో అధికముగ స్త్రీలే చేయుదురని వారెఱుగుదురు. బడికి వచ్చు త్రోవలో దినదినము చూచుచునే యున్నారు. ఐనను పుస్తకములందును, గోడప్రకటనలందును తాము చూచిన రైతు పురుషుడే యగుటచే, కన్నులయెదుటనున్న స్త్రీ వారికి రైతుగా తోపకపోయెను. బొమ్మకు గల బలమిట్టిది. అది లేనిదానిని చూపుటయే కాక, ఉన్నదానిని కప్పివేయును గూడ.

పత్రికల స్థితియు ఇట్టిదే. ప్రపంచమందలి వార్తలను పరిశీలించు ఒక గణన 1995వ సంవత్సరమున ఆరంభమైనది. అప్పుడు వార్తలలో కనబడినవారిలోను, మాటలాడినవారిలోను స్త్రీలు నూటికి 17 మంది. 2020లో 116 దేశములందు లెక్కింపగా నూటికి 25 మంది. లోకమున సగపాలుగా నున్నవారు వార్తలలో పాతికపాలే! ఇక టెలివిజను ప్రకటనలను చూడుడు. బట్టల మురికిని గూర్చి చింతించునది తల్లి. సొమ్ము దాచు ఉపాయము నాలోచించువాడు తండ్రి. కొన్ని చలనచిత్రములందు, వలదన్న కన్యను విడువక వెంటాడుటయే ప్రేమయని చూపుచున్నారు. దానిని చూచి చప్పట్లు కొట్టిన బాలుడు రేపు వీధిలో నేమి చేయునో తలిదండ్రులే యోచింపవలెను.

స్త్రీలను అసభ్యముగ చిత్రించుటను నిషేధించు చట్టము మన దేశమున 1986లో ఏర్పడినది. అది అవసరమే. కాని చట్టము అసభ్యతను పట్టుకొనగలదు గాని, చూపకుండ విడిచిపెట్టుటను పట్టుకొనజాలదు. ఆ పని చూపరులదియు, చదువరులదియు.

"మనము స్త్రీని దేవతవలె గౌరవింతుము గదా, ఇంకేమి కొఱత?" అని కొందఱు పెద్దలు మమ్మడిగిరి. పొగడ్త వేఱు, న్యాయము వేఱు. తల్లి యోర్పును వేనోళ్ల పొగడి, ఆమె యలసటను గూర్చి ఒక్కమాటయైన నడుగని కథ ఆమెకు మేలు చేయదు. స్త్రీలు దేవతలుగ చూపబడ గోరుట లేదు. పనిచేయుచు, ఆలోచించుచు, ఒక్కొక్కప్పుడు పొరపడుచు నుండు మనుష్యులుగ చూపబడవలెను.

ఈ తప్పు మాయందును కలదు. రెండేండ్ల క్రిందట వార్షికోత్సవమునకు మేమొక నాటిక వ్రాసితిమి. అందు బాలురకు ఏడు పాత్రలు, బాలికలకు రెండు. ఆ రెంటిలో నొకటి యేడ్చు తల్లి, రెండవది మాటలేని పెండ్లికూతురు. వ్రాయునపుడు మాకిది తోచనేలేదు. చూచినవారిలో ఒక్కరైన నడుగలేదు.

తోచినవారు మనలో లేకపోలేదు. బడిచదువు లేక, తమ్ముడు చదువుచుండగా తానును నేర్చుకొనిన బండారు అచ్చమాంబ, స్త్రీల బుద్ధిని తక్కువచేసి పలుకువారికి సమాధానముగ అనేక స్త్రీల చరిత్రములను కూర్చి, 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల"ను వెలువరించెను. ఆమె ఉన్నవారిని ఉన్నట్లు చూపెను. శ్రీకాకుళం సీమకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ నగరమందు బరువులెత్తి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతస్త్రీ యయ్యెను. బలమునకు బొమ్మ గీయుమన్నచో, మన పిల్లలలో ఎందఱు ఆమెను గీయుదురు?

కేరళమున 2024లో మూడవ తరగతి పాఠ్యపుస్తకమున తండ్రి వంటయింట కొబ్బరి తురుముచున్న బొమ్మను ముద్రించిరి. చిన్న బొమ్మయే, కాని దానిని చూచి పెరిగిన బాలునికి వంటపని చేయుట సిగ్గుగా తోపదు.

కావున విద్యార్థులారా, ఏ కథ చదివినను, ఏ చిత్రము చూచినను మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇందలి స్త్రీ ఏ పని చేయుచున్నది? ఆమె మాటను ఎవరైన వినుచున్నారా? ఆమె చోట పురుషుడున్నచో మనమిట్లే నవ్వుదుమా? తలిదండ్రులారా, మీరును ఇంటిలో పిల్లలతో గూడి వీనిని విచారింపుడు. ఈ యేటి నాటికను మేము తిరిగి వ్రాయుచున్నాము. అందు బాలికలకు మాటలు కలవు.

ఆ బాలిక గీసిన బొమ్మ ఇప్పుడు ఆఱవ తరగతి గోడమీద నున్నది. దాని క్రింద పేరు వ్రాయుమని, ఆనాడు "కూలిమనిషి" యనిన బాలునికే చెప్పితిమి. అతడు కొంత తడవు నిలిచి, "రైతు" అని వ్రాసెను.