ఇంజను చవుక, ఇరుసు ఖరీదు



అమెరికా సైన్యము వదిలించుకొన్న ఎం35 లారీల మల్టీఫ్యూయల్ డీజిల్ ఇంజనును పౌరవాహనమున నమర్చుటను గూర్చి మీరు ప్రచురించిన వ్యాసమున, దాని దార్ఢ్యమును, డీజిలే గాక కిరోసినుతో సైతము నడువగల శక్తిని మిక్కిలి కొనియాడిన రచయిత అసలు చిక్కును స్పృశింపనేలేదు. నిమిషమునకు 2,600 చుట్లకు మించి తిరుగరాని యీ యంత్రమును, సుమారు 4,000 చుట్లు తిరుగు పెట్రోలు ఇంజనుకు దగినట్లు నిర్మించిన బండిలో నిలిపి, వెనుక ఇరుసు గేరుల నిష్పత్తిని మార్చకున్నచో, వేగము మూడింట రెండువంతులకు దిగజారును. బేరము చవుకయే, ప్రయాణము మాత్రము నత్తనడక! పైగా దాని స్టార్టరు 24 వోల్టులది. బండి బ్యాటరీ 12 వోల్టులదైనచో రెండవది చేర్చక తప్పదు. కావున ఇరుసు, బ్యాటరీ, ఈ ఇంజనుకు దగిన క్లచ్, దాని బరువు మోయగల ముందు కమానుపట్టీల ఖర్చును గూడ లెక్కగట్టి, ఆ వ్యాసమునకు అనుబంధము ప్రచురింప ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకుడు