ట్రైలరు లాగే వాహనాల బరువు పరిమితి (భారత చట్టం)

ట్రైలరు లాగే వాహనాల బరువు పరిమితి అనగా ట్రాక్టరు గాని, పికప్ వ్యాను గాని, మరే మోటారు వాహనం గాని తన వెనుక ట్రైలరును తగిలించుకొని రోడ్డుపై తిరిగేటప్పుడు పాటించవలసిన చట్టబద్ధమైన బరువుల హద్దు. భారతదేశంలో ఇందుకు ఆధారం మోటారు వాహనాల చట్టం, 1988. ట్రైలరును మన పల్లెలలో ప్రాంతాన్ని బట్టి ట్రక్కు అనీ, ట్రాలీ అనీ, తొట్టి అనీ పిలుస్తారు. పేరు ఏదైనా చట్టం దృష్టిలో అది కూడా ఒక మోటారు వాహనమే. ఇంజను లేదు గనుక కాదనుకోవడం పొరపాటు. దానికి వేరుగా రిజిస్ట్రేషను, వేరుగా బీమా ఉండాలి.

రెండు కొలతలు

చట్టం బరువును రెండు విధాలుగా లెక్కిస్తుంది. మొదటిది ఖాళీ బరువు, అనగా సరుకు లేకుండా, డ్రైవరును కూడా మినహాయించి, వాహనానికి ఉన్న బరువు. రెండవది స్థూల బరువు, అనగా వాహనము, సరుకు కలిపి ఎంతవరకు ఉండవచ్చునని రిజిస్ట్రేషను అధికారి ధ్రువీకరించిన బరువు. తూకం వేస్తే వచ్చేది స్థూల బరువు కాదు, కాగితం మీద అనుమతించినదే స్థూల బరువు. ఈ భేదం తెలియకనే చాలా వాదనలు పుడుతున్నవి.

చట్టంలోని 2(21) సెక్షను ప్రకారం రవాణా వాహనానికి స్థూల బరువు, కారుకు, ట్రాక్టరుకు ఖాళీ బరువు 7,500 కిలోలు మించకపోతే అది "తేలికపాటి మోటారు వాహనం". 1994 సవరణకు పూర్వం ఈ హద్దు 6,000 కిలోలు. సాధారణమైన పికప్ వ్యాన్ల స్థూల బరువు 3,500 కిలోల లోపే ఉంటుంది. వ్యవసాయ ట్రాక్టరు ఖాళీ బరువు కూడా 7,500 కిలోలకు చాలా తక్కువ. కనుక రెండూ తేలికపాటి వాహనాలే. అయితే ట్రాక్టరు వెనుక ధాన్యమో, చెరకో, కంకరో వేసుకొని పోతున్న మొత్తం బండి చూచేవారికి తేలికగా కనబడదు. చిక్కు అక్కడే ఉన్నది.

అధిక బరువు, జరిమానా

113వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని స్థూల బరువును మించి సరుకు వేసి ఏ వాహనాన్నీ, ట్రైలరునూ నడపరాదు. ఒక లెక్క చూద్దాము. ఒక ట్రైలరు ఖాళీ బరువు 1,500 కిలోలు, స్థూల బరువు 6,000 కిలోలు అనుకొందాము. అందులో వేయదగిన సరుకు 4,500 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలైతే సరిగ్గా 60. వంద బస్తాలు వేస్తే మొత్తం 9,000 కిలోలై మూడు టన్నులు ఎక్కువ అవుతుంది. 194వ సెక్షను ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరి 2,000 చొప్పున 6,000, వెరసి 26,000 రూపాయలు. ఇది 2019 సవరణ తరువాతి లెక్క. అంతకుముందు మూల జరిమానా 2,000 రూపాయలు, టన్నుకు 1,000 మాత్రమే. అదనపు సరుకు దింపించే ఖర్చు కూడా బండివాడిదే, దింపనిదే బండి కదలరాదు. తూకానికి నిరాకరిస్తే జరిమానా 40,000 రూపాయలు.

కోత రోజులలో ఈ నియమం ఎంతవరకు అమలవుతున్నదో పల్లె రోడ్డు పక్కన ఒక పూట నిలబడినవారికి వేరే చెప్పనక్కరలేదు.

లైసెన్సు వివాదం

తేలికపాటి వాహనపు లైసెన్సు ఉన్నవాడు సరుకు రవాణా చేసే వాహనాన్ని నడపవచ్చునా అన్న ప్రశ్న చాలా ఏళ్ళు నలిగినది. ప్రమాదం జరిగితే డ్రైవరుకు రవాణా అనుమతి లేదని చూపి బీమా కంపెనీలు పరిహార బాధ్యతను కాదనేవి. 2001లో నాగశెట్టి కేసులో సుప్రీం కోర్టు, ట్రాక్టరు లైసెన్సు ఉన్నవాడు ట్రైలరు తగిలించినంత మాత్రాన ఆ లైసెన్సు చెల్లకుండా పోదని చెప్పినది. 2005లో నట్వర్ పారిఖ్ కేసులో అదే కోర్టు, సరుకు మోసే ట్రాక్టరు-ట్రైలరు జత "సరుకు రవాణా వాహనం" అవుతుందనీ, పర్మిటు కావాలనీ చెప్పినది. మొదటిది లైసెన్సు గురించి, రెండవది పర్మిటు గురించి అయినా, రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివినవారికి సందేహం కలగడం సహజమే.

2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు, 7,500 కిలోల లోపు స్థూల బరువు గల రవాణా వాహనానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదని తీర్పిచ్చారు. 2024 నవంబరు 6న రంభాదేవి కేసులో ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా దానిని సమర్థించినది. ఇటువంటి డ్రైవర్ల వల్లనే ప్రమాదాలు పెరుగుతున్నవని చూపే గణాంకాలేవీ తమ ముందుకు రాలేదని కూడా కోర్టు అన్నది. బ్రతుకుతెరువుకు చిన్న బండి నడుపుకొనే లక్షలాది మందికి ఇది పెద్ద ఊరట. కానీ చిన్న కారుతో పరీక్షలో నెగ్గినవాడికి బరువైన ట్రైలరును వెనుకకు నడపడము, వాలులో ఆపడము వచ్చునా అన్నది వేరే ప్రశ్న. ట్రైలరు వెనుక నుండి తోసే తోపు కారులో తెలియదు. తీర్పు న్యాయమైనదే, శిక్షణ లోటు మాత్రం అట్లే ఉన్నది.

ట్రైలరులో మనుషులు

పత్రికలలో 2024 తీర్పు వార్త చదివి, ఇక బీమా చిక్కులన్నీ తీరినవని అనుకొన్నవారు లేకపోలేదు. అది లైసెన్సు అభ్యంతరాన్ని మాత్రమే తొలగించినది. మిర్చి కోతకు పోయే కూలీలూ, పెళ్ళివారూ ట్రైలరులో కూర్చొని పోవడం మనకు నిత్యం కనబడేదే. ట్రైలరు సరుకుకు ఉద్దేశించినది. సరుకు వాహనంలో ఊరికే ఎక్కి ప్రయాణించినవారికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీం కోర్టు ఆశారాణి కేసులో చెప్పినది. సరుకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రం 1994 సవరణ రక్షణ కల్పించినది.

2007 నాటి బ్రిజ్‌మోహన్ కేసు ఇందుకు తగిన ఉదాహరణ. మట్టి వేసిన ట్రాలీపై కూర్చొన్న ఒక కూలీ గాయపడ్డాడు. ట్రాక్టరుకు బీమా ఉన్నది గాని అది వ్యవసాయ పనులకే, మట్టిని ఇటుక బట్టీకి తోలడానికి కాదు. కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చినది. అయినా రాజ్యాంగపు 142వ అధికరణం క్రింద, ముందు కంపెనీయే కూలీకి పరిహారం చెల్లించి, తరువాత యజమాని నుండి రాబట్టుకోవాలని ఆదేశించినది. ఆ అధికారం సుప్రీం కోర్టుకే కలదు. క్రింది కోర్టులో ఇటువంటి ఆదేశం రాకపోతే గాయపడినవాడు ట్రాక్టరు యజమాని నుండే వసూలు చేసుకోవలసి వస్తుంది, ఆ యజమానికి ఉన్నది తరచుగా నాలుగెకరాల పొలము, వాయిదాలు తీరని అదే ట్రాక్టరు.