తేదీ లేని మాట చెల్లదు

తేదీ ముద్ర పడనిదే తపాలా కార్యాలయం నుండి ఉత్తరం కదలదు. తేదీ లేని టిక్కెట్టును రైల్వే ఉద్యోగి అంగీకరించడు. ఇంతటి క్రమశిక్షణకు అలవాటుపడిన ఉద్యోగుల సంఘాలే నేడు ఫేస్‌బుక్‌లోను, వాట్సాప్‌లోను తేదీ లేని పాత రాతలను పంచిపెట్టుచుండుట విచారకరము. కొన్ని శాఖలు ఈ పనిని యంత్రానికే అప్పగించాయి. అది నిర్ణీత వేళకు ఒక పాత వ్యాసాన్ని తీసి పంపుతుంది. అలసిపోదు గాని, చదవదు.

పాతవాటిని మరల చదివించుట తప్పని మేము అనము. 1974 మే 8న ప్రారంభమై మే 27న ముగిసిన రైల్వే సమ్మెను నేటి యువ ఉద్యోగి ఎరుగడు. టాటానగర్ మీదుగా సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచిన వారిలో శ్రీ వి.వి. గిరి ప్రముఖులని అతనికి తెలియాలి. చరిత్ర ఎన్నిసార్లు చెప్పినా మేలే.

కాని నిబంధనల సంగతి వేరు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము మూడు వాయిదాల కరువు భత్యాన్ని నిలిపివేసింది. 2021 జులై 1 నుండి భత్యము 17 శాతము నుండి 28 శాతానికి పెరిగింది. నాటి నిలుపుదల వార్త నేడు తేదీ లేకుండా చేరితే పెన్షనరు ఎంత కలవరపడతాడు? అంతకన్నా పెద్ద నష్టము మరొకటి ఉన్నది. ఆ 18 నెలల బకాయి నేటికీ మన చేతికి రాలేదు. కాలము తీరిన కాగితాలతో కలిసి వచ్చినప్పుడు, సజీవమైన ఈ కోర్కెను కూడ సభ్యుడు పాత సంగతిగా త్రోసివేస్తాడు.

తపాలా శాఖలోను ఇంతే. 1898 నాటి చట్టము స్థానే 2023 చట్టము 2024 జూన్ 18న అమలులోకి వచ్చింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమయింది. పాత వ్యాసాన్ని నమ్మి కౌంటరు వద్ద జవాబు చెప్పిన ఉద్యోగిని సంజాయిషీ నుండి యంత్రము కాపాడదు.

జంషెడ్‌పూర్ వాసులమైన మేము ఈ విషయాన్ని తేలికగా తీసుకొనలేము. 2017 మే 18న, పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వాట్సాప్ వదంతులను నమ్మిన గుంపులు టాటానగర్ స్టేషనుకు చేరువనున్న బాగ్‌బేడాలోను, పొరుగు జిల్లా సరాయికేలా-ఖర్సావాన్‌లోను ఒక్కరోజున ఏడుగురిని చంపివేశాయి. అవి సంఘాలు పంపిన మాటలు కావు. అయినను ఎవరు, ఎప్పుడు వ్రాసినదో తెలియని మాట చేతులు మారినకొద్దీ ఎంతకు తెగించగలదో మన ఊరు చూసింది. మరుసటి ఏడు జులైలో వాట్సాప్ సంస్థయే మన దేశములో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపరాదని పరిమితి విధించింది.

కావున శాఖలకు మా విజ్ఞప్తి. ప్రతి పాత వ్యాసానికి మొదటి పంక్తిలోనే తొలి ప్రచురణ నెల, సంవత్సరము వేయండి. జీతభత్యాలు, పెన్షను, బదిలీల రాతలను యంత్రము వరుస నుండి తొలగించండి. బాధ్యుడైన ఒక కార్యకర్త చదివి, నేటికీ చెల్లుబాటగునని నిర్ధారించిన పిదపనే వాటిని పంపాలి. సమ్మె, ధర్నా పిలుపులను వాటి గడువు తీరిననాడే తీసివేయండి. ‘ఇది నిజమేనా?’ అని సభ్యుడు అడిగినప్పుడు జవాబు చెప్పవలసినది శాఖా కార్యదర్శియే. ఆ జవాబు ముందే సిద్ధముగా ఉంచుకొనుట సంఘము బాధ్యత.