ఫీల్‌గుడ్ అంటే హృద్యమేనా?



మా అమ్మ గురించి నేను వ్రాసిన టపా చదివి, ఒకప్పటి నా విద్యార్థి ఫోను చేశాడు. "చాలా ఫీల్‌గుడ్‌గా ఉంది మాస్టారూ!" అన్నాడు. మాకు వడ్డించి, తనకు ఆకలి లేదని నవ్వుతూ చెప్పి, గంజినీళ్ళు త్రాగి పడుకున్న మనిషి కథ అది. అతడు మెచ్చుకున్నది ఆ నవ్వును. నేను వ్రాయదలచింది ఆ ఆకలిని. లోపం నా రచనదా, అతడి మాటదా అని రెండు రోజులు తర్కించుకున్నాను.

ఆంగ్లంలో క్రియ, విశేషణం జంటకట్టి మరొక విశేషణమైన మాట ఇది. చూసినవారి మనసును తేలికపరచేదని అర్థం. అక్కడ అందులో మెప్పుతో పాటు కొంత చులకన కూడా ధ్వనిస్తుంది. 2004 ఎన్నికల ముందు 'భారత్ వెలిగిపోతోంది' ప్రచారంతో పాటు ఇదీ దేశమంతా వినిపించింది. ఓటరు అంత హాయిగా లేడని ఫలితాలు తేల్చాయి. అదే ఏడాది శేఖర్ కమ్ముల 'ఆనంద్' వచ్చింది. అటువంటి చిత్రాల సమీక్షల్లో ఈ మాట స్థిరపడిపోయింది. చులకన మాత్రం సముద్రం దాటలేదు; మనవద్ద ఇది వట్టి పొగడ్తే.

విచిత్రమేమంటే, తెలుగులో 'ఫీల్' ఒంటరిగా వస్తే దుఃఖమే. "ఆయన ఫీలయ్యారు" అంటే నొచ్చుకున్నారనే కదా! ప్రక్కన 'గుడ్' చేరితే గాని దాని ఏడుపు తీరదు.

దీనిని 'హృద్యం' అని అనువదించేవారున్నారు. నాకు సమ్మతం కాదు. హృదయానికి ప్రియమైనది హృద్యం. అది కన్నీటిని వద్దనదు. వాల్మీకంలో భూమిలో కలిసిపోయిన సీతను, భవభూతి ఉత్తరరామచరితం ఏడవ అంకంలో రాముడితో కలిపాడు. సుఖాంతమే. కాని మూడవ అంకంలో, తన కంటికి కనబడని సీత ఎదుటే రాముడు మూర్ఛపోవడం చదివినవాడు ఆ కలయికను ఫీల్‌గుడ్ అనగలడా? మన ఆలంకారికులు హర్షాన్ని 33 సంచారిభావాలలో ఒకటిగా లెక్కించారు. అంటే వచ్చిపోయేది. శోకాన్ని మాత్రం స్థాయీభావాలలో కూర్చోబెట్టారు.

'హాయిగొలిపే' అంటే చాలునని నా అభిప్రాయం. 'ఆనంద్'కు అది చక్కగా సరిపోతుంది. చూసి నేనూ హాయిపడ్డాను. అమ్మకు సరిపోదు.

ఈ మాటే శిష్యుడికి చెబుదామని ఫోను తీశాను. ఫీలవుతాడేమోనని పెట్టేశాను. ఆ టపా తెరిచి, గంజినీళ్ళ వాక్యాన్ని నవ్వుకంటే ముందుకు జరిపాను.