రంగు కాదు, మట్టం చూడండి

పోయిన వారం మా వీధి చివరి షెడ్డులో ఓ కుర్రాడు తల పట్టుకుని కూర్చున్నాడు. ఇంటింటికీ భోజనం పార్సిళ్లు అందించే పని అతనిది. బండి ఇంజన్ పట్టేసింది. మెకానిక్ కింది బోల్టు విప్పితే గ్లాసెడు ఆయిల్ కూడా రాలేదు. "మూడు నెలలకోసారి మార్పిస్తూనే ఉన్నా కదన్నా!" అన్నాడు. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే బండి మూడు నెలల్లో 9,000 తిరుగుతుందని ఎవరూ అతనికి లెక్కకట్టి చెప్పలేదు. ఇంటి అద్దెకు దాచిన డబ్బు పిస్టన్‌కీ బోరుకీ పోయింది.

100 సీసీ బండిలో పట్టే ఆయిల్ లీటరు, కొన్నిటిలో ఇంకా తక్కువ. పాతబడిన ఇంజన్ అందులోంచి రోజూ కాస్త తాగేస్తుంది. 200 మిల్లీలీటర్లు తగ్గితే ఐదో వంతు పోయినట్టే. మిగిలినదే పిస్టన్‌నూ, గేర్లనూ, క్లచ్‌నూ కాపాడాలి. మనమేమో ఆయిల్ నల్లబడిందా అని చూస్తాం. నలుపు రోగం కాదు, మసిని తనలో పట్టి ఉంచుతోందని గుర్తు. పాలలా తెల్లబడితే భయపడాలి. నీళ్లు కలిశాయన్నమాట.

ఎప్పుడు మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది: ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది. ఆ కుర్రాడికి కిలోమీటర్లు ముందొస్తాయి. రైతుబజారు దాకా వెళ్లొచ్చే పెద్దాయన బండికి నెలలు ముందొస్తాయి. రెండు కిలోమీటర్లకు ఇంజన్ సరిగా వేడెక్కదు. తేమ, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి.

ఖరీదైనదల్లా మంచిది కాదు. కారు ఆయిల్ బైకులో పోస్తే క్లచ్ జారవచ్చు. గేర్ల బండికైతే డబ్బా మీద 'జాసో ఎంఏ' లేదా 'ఎంఏ2' అని చూసుకోండి. సీలు మీ ముందే తీయించండి. ఖాళీ డబ్బాకు అక్కడే చిల్లు పెట్టించండి. లేకపోతే నకిలీ సరుకు అందులోకే చేరుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆదివారం పొద్దున ఒక్క నిమిషం. చదునైన చోట సెంటర్ స్టాండు వేసి, గేజ్ తీసి, తుడిచి, మళ్లీ దించి చూడండి. కింది గీత దాకా వస్తే అదే రకం ఆయిల్ కాస్త పోయండి. ఐదు నిమిషాల ఆలస్యాన్ని లెక్కగట్టే డెలివరీ యాప్, ఆయిల్ మార్చాల్సిన కిలోమీటర్లను కూడా గుర్తుచేయాలి. అది దయ కాదు, బాధ్యత.

నిన్న ఆ కుర్రాడి బండి షెడ్డు దాటింది. మెకానిక్ ట్యాంకు మీద స్టిక్కర్ అతికించాడు. ఈసారి తేదీ రాయలేదు, కిలోమీటర్లు రాశాడు.

– బాటసారి