స్కేలుకు అందని ఆరు సెంటీమీటర్లు

ఈ సంచికకు ఏదైనా రాసిమ్మని మిత్రులు అడిగితే, కవిత్వం రాసేవాళ్లు కాలేజీ నిండా ఉండగా నాతో ఏం పని అన్నాను. "నీ డబ్బా గురించి రాయి" అన్నారు నవ్వుతూ. వాళ్లు వేళాకోళానికే అన్నారు. నేను మాత్రం నిజంగానే రాస్తున్నాను. ఎందుకంటే, బి.యస్సీ. మూడో ఏడాదికి వచ్చాక కూడా నేను నిజాయితీగా చేసిన ప్రయోగం ఆ డబ్బా ఒక్కటేనేమో అని నాకు అనుమానం.

డబ్బా అంటే సబ్‌వూఫర్ పెట్టె. తార్నాకలో మేం ముగ్గురం అద్దెకుంటున్న గదిలో పాటలు వినడానికి సెల్‌ఫోన్లు తప్ప వేరే సాధనం లేదు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఎంత పని చేస్తుందో తెలిసినవాళ్లకు నా బాధ తెలుస్తుంది. సెల్‌ఫోన్లో ఆ గిటార్ ఉన్నట్టే ఉండదు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందమైన తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అందుకని నా పెట్టె 35 హెర్ట్జ్ దాకా దిగాలని ముందే నిర్ణయించుకున్నాను. ఎనిమిది అంగుళాల స్పీకరు కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను. ఆ డబ్బు నాయన పత్తి అమ్మి మెస్సు బిల్లుకని పంపినది. ఆ నెల ఎట్లా తిన్నానన్నది వేరే వ్యాసం. పోర్టుకు పైపు మాత్రం ఊరినుంచే తెచ్చుకున్నాను. మా బోరు నుంచి తొట్టి దాకా వేసిన 90 మిల్లీమీటర్ల పి.వి.సి. పైపులో మిగిలిన ముక్క అది.

పెట్టెకు రంధ్రం దేనికని చాలామంది అడుగుతారు. లోపలి చప్పుడు బయటికి రావడానికని కొందరు, రంధ్రం ఎంత పెద్దదైతే బేస్ అంత ఎక్కువని మరికొందరు అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. అసలు సంగతి మా ఊళ్లో కల్లు లొట్టికి తెలుసు. ఖాళీ లొట్టి మూతి మీద అడ్డంగా ఊదితే "హూ" మని ఒకే ఒక స్వరం పలుకుతుంది. లొట్టి పెద్దదైతే స్వరం మందగిస్తుంది, మూతి వెడల్పైతే పైకి పోతుంది. లొట్టి కడుపులోని గాలి స్ప్రింగులాగా, మెడలోని గాలి ఆ స్ప్రింగుకు కట్టిన బరువులాగా పనిచేస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ లెక్క కట్టిన అనునాదం ఇదే. మన ఘటం విద్వాంసులు కుండ మూతిని పొట్టకు ఆనించీ, దూరం జరిపీ మంద్రస్వరాన్ని మార్చేదీ ఈ కిటుకుతోనే. దీన్ని లౌడ్‌స్పీకరు పెట్టెకు తగిలించిన ఆల్బర్ట్ థురాస్‌కు 1932లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఆయన బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసేవాడు. స్పీకరుకూ పెట్టెకూ పైపుకూ కలిపి సరైన గణితం ఇచ్చిన నెవిల్ థీల్ ఆస్ట్రేలియా ఇంజనీరు. ఆయన వ్యాసం 1961లో అక్కడ అచ్చయింది. అమెరికాలోని ఆడియో ఇంజనీర్ల పత్రిక దాన్ని తిరిగి వేసేసరికి 1971 వచ్చింది. పదేళ్లు! మన పరీక్షా ఫలితాలే నయం.

నా పైపులో ఊగే గాలి బరువు రెండు గ్రాములకు కాస్త ఎక్కువ. ఆ రెండు గ్రాములు సెకనుకు 35 సార్లు ముందుకూ వెనక్కూ ఊగితే, ఆ పౌనఃపున్యం దగ్గర స్పీకరు అట్ట దాదాపు కదలనే కదలదు. పనంతా గాలే చేస్తుంది.

ఇక లెక్క. 35, 35, 41 సెంటీమీటర్ల లోపలి కొలతలతో ప్లైవుడ్ పెట్టె కట్టాను. సుమారు 50 లీటర్లు. పైపు లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిస్తే 8.4 సెంటీమీటర్లు. ధ్వని వేగం 345 మీటర్లు అనుకుని సూత్రంలో వేస్తే, 35 హెర్ట్జ్‌కు పైపు పొడవు 27.3 సెంటీమీటర్లు వచ్చింది. అంతకు కోసి, బిగించి, పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి, స్పీకరు అట్ట మీద చిటికెడు ఆవాలు చల్లాను. పైపు మూతి దగ్గర సన్నని కాగితం ముక్క వేలాడదీశాను. సెల్‌ఫోన్లో ఒకే స్వరం పలికించే సాధనం ఉంటుంది కదా, దానితో 60 హెర్ట్జ్ నుంచి మెల్లగా దించుకుంటూ వచ్చాను. ఆవాలు ఎగిరి గంతులేశాయి. దిగుతున్నకొద్దీ గంతులు తగ్గాయి. ఒకచోట ఆవాలన్నీ బడి గంట విన్న పిల్లల్లా కూర్చున్నాయి, కాగితం మాత్రం పిచ్చిగా కొట్టుకుంటోంది. అదే పెట్టె స్వరం. సెల్‌ఫోన్ చూశాను. 33.

నేను రాసింది 35, వచ్చింది 33. ఇక్కడ నా గత చరిత్ర చెప్పాలి. ఇంటర్మీడియట్‌లో అనునాద స్తంభం ప్రయోగం అందరం చేశాం. నీళ్ల గొట్టం పైన శృతి దండం మోగించి, గాలి స్తంభం పొడవు రెండుచోట్ల కొలిచి, ధ్వని వేగం కనుక్కుంటాం. చివరి పంక్తిలో "ఎండ్ కరెక్షన్" అని ఒకటి ఉంటుంది. గొట్టం మూతి దాటి కొంచెం బయటి గాలి కూడా లోపలి గాలితో కలిసి ఊగుతుంది కాబట్టి, అసలు పొడవు స్కేలు చూపించేదానికన్నా ఎక్కువ. ఆ ఎక్కువ వ్యాసంలో 0.3 వంతు. నేను ఆ ప్రయోగంలో ఏం చేశానంటే, 0.3 నుంచి మొదలుపెట్టి వెనక్కి లెక్కించి రీడింగులు రాశాను. సీనియర్ రికార్డు పక్కనే ఉంది. పదికి తొమ్మిదిన్నర మార్కులు వచ్చాయి. ఆ అలవాటు నాతోపాటు బస్సెక్కి హైదరాబాదుకూ వచ్చింది. గురువులు మన్నించాలి. 33 చూసి నాకు మొదట కలిగిన ఆలోచన కూడా "34.8 అని రాస్తే సరిపోతుంది" అనే! ఎవరికి చూపించాలని రాస్తాను? పెట్టెకు రికార్డు లేదు, సంతకం పెట్టే ఎగ్జామినరూ లేడు.

తప్పు వెతికాను. మొదట దొరికింది పెట్టె లోపలి స్థలం. 50 లీటర్లలో స్పీకరు అయస్కాంతమూ, పైపూ, లోపల కొట్టిన అడ్డకర్రా కలిసి సుమారు మూడున్నర లీటర్లు తినేశాయి. మిగిలింది 46.5. సంబరంగా మళ్లీ లెక్క వేశాను. గాలి తగ్గితే స్వరం పైకి పోవాలి కదా, జవాబు 36.3 వచ్చింది. అంటే తప్పు దిద్దుకున్నకొద్దీ తేడా రెండు నుంచి మూడు హెర్ట్జ్ దాటింది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు క్యాంపస్‌కు నడుస్తూ ఉంటే, ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా వచ్చాక, నీళ్ల గొట్టం గుర్తొచ్చింది. ఎండ్ కరెక్షన్.

ప్రయోగశాలలో గొట్టం సన్నది. వ్యాసం మూడు సెంటీమీటర్లయితే ఆ సవరణ ఒక సెంటీమీటరుకూ చాలదు. పైగా రెండు రీడింగులు తీసివేసేటప్పుడు అది దానంతటదే ఎగిరిపోతుంది. అందుకే నాకు అది చివరి పంక్తిలో అలంకారంగా కనబడింది. నా పైపు అట్లా కాదు. రెండు చివరలూ తెరిచి ఉన్నాయి. లోపలి చివర వ్యాసార్థంలో 0.61 వంతు, పలకకు సమంగా బిగించిన బయటి చివర 0.85 వంతు చేరుతుంది. వ్యాసార్థం 4.2. మొత్తం 6.1 సెంటీమీటర్లు! నేను 27.3 అనుకున్న పైపు నిజానికి 33.4 సెంటీమీటర్ల పైపు. ఇప్పుడు లెక్క వేస్తే 32.8 వచ్చింది. ఆవాలు చెప్పింది 33.

నా రెండు తప్పులూ ఎదురెదురు దిక్కుల్లో లాగుతున్నాయన్నమాట. ఒకటి స్వరాన్ని పైకి, ఒకటి కిందికి. అదృష్టం ఇంకాస్త బాగుండి రెండూ సమానంగా ఉంటే, నాకు 35 వచ్చి ఉండేది, నేను మేధావినని ఊరేగేవాణ్ణి. మనం "సరైన జవాబు" రాసిన రికార్డుల్లో ఇట్లాంటి జంట తప్పులు ఎన్ని నిద్రపోతున్నాయో!

కంప్యూటరులో నాలుగు అంకెలు కొడితే పోర్టు పొడవు చెప్పే లెక్కలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి, నీకెందుకింత శ్రమ అన్నాడు మా రూమ్మేట్. నిజమే, తర్వాత చూశాను. అందులో వ్యాసాన్ని 0.732తో గుణించి తీసేస్తారు. అదేమిటో ఎక్కడా చెప్పరు. 0.61, 0.85 కలిపి సగం చేస్తే వచ్చేది అదే. ముందుగానే అది వాడి ఉంటే పైపు సరిగ్గా తెగేది, నాకు మాత్రం ఎండ్ కరెక్షన్ ఇప్పటికీ చివరి పంక్తిలోనే ఉండిపోయేది.

పైపు సన్నదైతే పొట్టిగా సరిపోతుందని కొందరు ఆశపడతారు. నేను ముందు 63 మిల్లీమీటర్ల ముక్కతో చూశాను. తొమ్మిది సెంటీమీటర్లు చాలు. కానీ అంత ఇరుకులో గాలి పరుగెత్తాలి కనుక పాము బుసకొట్టినట్టు చప్పుడు. వేగం సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూడమని అనుభవజ్ఞులు అంటారు. 110 మిల్లీమీటర్లది వేస్తే బుస ఉండదు, పైపు పొడవే పెట్టెను మించిపోయేట్టుంటుంది. ఇంకొక హెచ్చరిక: పెట్టె స్వరానికి బాగా దిగువన పలికిస్తే పోర్టు కాపు కాయదు. మా రూమ్మేట్ సరదాకు 20 హెర్ట్జ్ పెట్టి చూశాడు. అట్ట తటాలున కొట్టుకుంది. స్పీకరు దక్కడం నాయన పుణ్యం.

ఇంటి ఆంటీ సంగతీ చెప్పాలి. మొదటి రాత్రే ఆమె వంటింట్లో స్టీలు డబ్బా మూతలు గలగలమన్నాయి. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. కానీ ఆ కొలత చెవికి వినిపించే తీరునుబట్టి తూకం వేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. మీటరు ప్రకారం నేను నిర్దోషిని, మూతల ప్రకారం ముద్దాయిని. మూతల మాటే నిజమని ఒప్పుకుని తొమ్మిది తర్వాత ఆపేస్తున్నాను. (ఉప్పల్ రోడ్డు మీద ఎన్.జి.ఆర్.ఐ. వారు భూమి కంపనాలు కొలుస్తుంటారు. వాళ్ల నుంచి ఇంతవరకు ఫిర్యాదు లేదు.)

నా అభిప్రాయం ఒక్కటే. ప్రాక్టికల్స్‌లో జవాబుకు సగం మార్కులే ఉండాలి. మిగతా సగం, జవాబు ఎందుకు తప్పిందో రాసినవాడికి ఇవ్వాలి. తప్పు రీడింగుకు మార్కు పోతుందన్న భయం ఉన్నంతకాలం నాలాంటి వాళ్లు 0.3 నుంచి వెనక్కి రాస్తూనే ఉంటారు. ఏడాదికొక్కటైనా జవాబు ఎవరి రికార్డులోనూ లేని ప్రయోగం ఉండాలి. పెట్టె కట్టించండి, బావి లోతు కనుక్కోమనండి, ఏదైనా సరే.

మొన్న పెళ్లికని వచ్చిన నాయన గదికి వచ్చాడు. "ఏందిరా, మన బోరు పైపు లెక్కనే ఉన్నది?" అన్నాడు. మెస్సు డబ్బుల సంగతి అప్పుడే చెప్పేశాను. ఏమీ అనలేదు. పాట పెడితే పోర్టు ముందు చెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే ఉంచాడు. "గాలి కొడుతున్నది" అని మాత్రం అన్నాడు.

కొత్త లెక్క ప్రకారం పైపు 23.2 ఉండాలి. 4.1 సెంటీమీటర్లు కోసేశాను. ఆవాలు ఇప్పుడు 35 దగ్గరే కూర్చుంటున్నాయి. కోసిన ఉంగరం నా టేబుల్ మీద ఉంది. ఆరు సెంటీమీటర్ల తప్పులోంచి రెండు సెంటీమీటర్ల తప్పు పోగా మిగిలినది అది. పెన్నులు పెట్టుకుందామంటే మరీ పొట్టి. పెట్టె చూడదలచినవాళ్లు సాయంత్రం అయిదు తర్వాత రావచ్చు. ఆవాలు మాత్రం మీరే తెచ్చుకోవాలి, ఆంటీ ఇక ఇవ్వనంటోంది.